ఎలుగుబంటి వస్తే దగ్గాలి

వాలిని మా కార్డుల ఆటలోంచి వెలేసి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. తీర్పు ఏకగ్రీవం కాదు. ఆ కార్డు గీసింది మా మేనల్లుడు. వాడొక్కడూ ఒక పక్క. వాడి చెల్లెలు, నేను, మా అమ్మ ఇంకో పక్క. మా అమ్మకి ఆట రాదు గానీ ఇల్లు ఆవిడది కాబట్టి ఓటుంది.

వేసవి సెలవులకి మా చెల్లెలి పిల్లలు విజయనగరం నుంచి శ్రీకాకుళం వచ్చారు. వాడికి పదకొండేళ్లు, దానికి ఎనిమిది. బ్యాగులోంచి బట్టల కంటే ముందు ఒక కార్డుల కట్ట బయటికొచ్చింది. జపానువాళ్ల యూగియో కార్డులు, అసలువో నకిలీవో దేవుడికెరుక. రాక్షసి బొమ్మ, పైన నక్షత్రాలు, అడుగున ఎటాక్ ఇంత, డిఫెన్స్ ఇంత అని రెండంకెలు, మధ్యలో చీమ తలకాయంత అక్షరాల్లో ఆ రాక్షసి ఏం చెయ్యగలదో. మూడో రోజున ఆ కట్ట మీద మజ్జిగ గ్లాసు ఒలికింది. ఎవరు ఒలకబోశారన్నది ఇంకా విచారణలోనే ఉంది. ఏడుపులు ఆపడానికి నోరు జారాను: "పోతే పోనీండర్రా, మన కార్డులు మనమే చేసుకుందాం. మన రాక్షసులకేం తక్కువ?"

ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పుకు బతికేవాణ్ణి. నాలుగంకెలు వేసి బొమ్మ గీయడం ఎంతసేపు అనుకున్నాను. సెలవులు అయిపోవచ్చాయి, పని తెమల్లేదు.

ముందు అట్టలు కావాలి. మా అమ్మ దగ్గర ట్రంకుపెట్టె నిండా శుభలేఖలున్నాయి. ఒకరింటి శుభకార్యం కాగితాన్ని పారెయ్యకూడదని ఆవిడ నియమం. పిల్లలు కోసుకుని ఆడుకుంటే తప్పులేదట, వినాయకుడి మీద కత్తెర పడకపోతే చాలు. వినాయకుళ్లందర్నీ ఒక కవర్లో భద్రపరిచి మిగతావి కోశాం. ఇరవై కార్డులకి బొమ్మలు గీసి, రంగులేసి, పేక కలిపి కూర్చున్నాక గానీ తెలిసిరాలేదు, వెనకవైపు ఒక్కోటి ఒక్కో రకం. బంగారు అంచు కనిపిస్తే రావణుడు, పసుపు మరక కనిపిస్తే కొరివిదెయ్యం. ఎవరి చేతిలో ఏముందో అరుగు మీద కూర్చున్న మా అమ్మకి కూడా తెలిసిపోతోంది. పుస్తకాలకి అట్టలేసే బ్రౌన్ షీట్ తెచ్చి అన్నింటి వీపులకీ అంటించాం.

రెండ్రోజులు బాగానే గడిచింది. తర్వాత చూస్తే చిన్నది ప్రతి ఆటలోనూ పేక కోసి ఎలుగుబంటినే పైకి తెస్తోంది. అదృష్టం అనుకున్నాను. దాని బొటనవేలి మీద కన్నేశాక అర్థమైంది. ఎలుగుబంటిని గీసింది ఎవరో కాంట్రాక్టరుగారింటి పెళ్లి కార్డు మీద. అది అట్ట కాదు, చెక్క. పేక అంచున వేలు పెట్టి జారిస్తే సరిగ్గా అక్కడ ఆగుతుంది. "తొండి, తొండి!" అని వాడు లేచాడు. "కళ్లు మూసుకునే తీశాను కదా" అని అది. ఎవరి బలం ఎంత అన్నది కార్డు మీది అంకెలే తేలుస్తాయని నా నమ్మకం. అట్ట మందం కూడా ఓ చెయ్యి వేస్తుందని ఆ వేలు చెప్పింది.

ఇక అంకెల సంగతి. యూగియోవాళ్ల లెక్క ఒకటి నాకు బాగా నచ్చింది. నాలుగు నక్షత్రాల లోపు రాక్షసిని ఊరికే దించుకోవచ్చు. ఐదో ఆరో ఉంటే బల్ల మీదున్న మన రాక్షసినొకదాన్ని బలివ్వాలి. ఏడు, ఆపైన అయితే రెండింటిని. పేరుమోసిన నీలికళ్ల తెల్ల డ్రాగన్‌కి నక్షత్రాలు ఎనిమిది, ఎటాక్ 3000, డిఫెన్స్ 2500. దాన్ని దించాలంటే రెండు ప్రాణాలు ఖర్చు. ఊరికే దిగేవాటిలో చాలాకాలం 1900 అంటేనే గొప్ప. అలాంటి చోట 2300 ఎటాక్‌తో గోబ్లిన్ల దండు ఒకటి ఊరికే దిగుతుంది. ఇదెక్కడి న్యాయం అని కింద చదివితే తెలుస్తుంది. ఒకసారి దాడి చెయ్యగానే ఆ దండు కూలబడుతుంది, మన తర్వాతి వంతు అయ్యేదాకా లేవదు. కూలబడ్డప్పుడు దాని డిఫెన్స్ సున్నా, ఎవడైనా వచ్చి తన్నిపోవచ్చు. మా వీధిలో ఇద్దరున్నారు ఇలాంటివాళ్లు. కొట్లాట అంటే అందరికంటే ముందు దూకుతారు, ఆనక వారం రోజులు మంచం మీదే. మజ్జిగలో బతికి బయటపడ్డ ఆ కార్డుని చూపించి పిల్లలకి చెప్పాను: బలం ఎంతైనా రాసుకోండి, పక్కనే దాని అప్పు కూడా రాయాలి.

చిన్నది వెంటనే పట్టేసింది. శ్రీకూర్మం గుళ్లో చూసిన నక్షత్ర తాబేలుని గీసి, ఎటాక్ 0, డిఫెన్స్ 2000 అని రాసింది. వాడు మాత్రం అప్పు అనే మాట వినడు. రావణుడికి 5000, కుంభకర్ణుడికి 5000, కొరివిదెయ్యానికీ 5000. "అన్నీ ఒకటే అయితే బాలెన్సే కదా మావయ్యా?" అన్నాడు. కొట్టిపారేసే మాట కాదది. అందరికీ సమానంగా ఇస్తే ఎవరికీ అన్యాయం లేదు. ఆట కూడా లేదు. రావణుడు, కొరివిదెయ్యం ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు, ఎవరు ముందు కదిలినా ఇద్దరూ పోతారు. కుంభకర్ణుడి దగ్గర మాత్రం బేరం కుదిరింది. 5000 అలాగే ఉంచు, కానీ దిగాక ఆరు వంతుల పాటు నిద్ర అన్నాను. కథలో ఉన్నదే కాబట్టి వాడు కాదనలేకపోయాడు. తీరా ఆడితే మా ఆటలు ఎనిమిది వంతుల్లో అయిపోతున్నాయి, కుంభకర్ణుడు లేచేసరికి యుద్ధం ముగిసి అందరూ భోజనాలకి కూర్చుంటున్నారు. నిద్రని మూడు వంతులకి తగ్గించాం. ఇప్పుడు వాణ్ణి దించితే ఎదుటివాడి గుండె దడదడలాడుతుంది. మూడు వంతుల్లో ఏదో ఒకటి చెయ్యకపోతే లేస్తాడు. అంకె మారలేదు, గడువు మారింది, అంతే.

అప్పుడొచ్చింది వాలి. "చూడు మావయ్యా, ఈసారి తక్కువే రాశాను" అని తెచ్చాడు. నిజమే, ఎటాక్ 1500. కింద ఒకటే వాక్యం: ఎదుట నిలబడినవాడి బలంలో సగం వాలికి వస్తుంది. మనం చిన్నప్పటి నుంచీ విన్న వరమే. 3000 డ్రాగన్ ఎదురొస్తే అది 1500కి దిగుతుంది, వాలి 3000కి ఎక్కుతాడు. 5000 రావణుడొస్తే రావణుడికి మిగిలేది 2500, వాలికి 4000. ఆ సాయంత్రం వాలి తొమ్మిది ఆటలాడి తొమ్మిదీ గెలిచాడు. రాత్రి కాగితం తీసి లెక్క వేశాను. ఎదుటివాడి బలం ఎంతైనా కానీండి, అందులో సగం వాలికి పోతే మిగిలేది ఇంకో సగం. వాలి దగ్గర ఆ పోయిన సగమూ ఉంది, తన సొంతమూ ఉంది. సగం కంటే సగం ప్లస్ 1500 ఎప్పుడూ ఎక్కువే. 1500 అక్కర్లేదు, వాలి సొంత బలం 1 అని రాసినా ఇదే ఫలితం. ఇన్నేళ్లు లెక్కలు చెప్పాను గానీ ఆ వరంలో ఇంత గట్టి అసమీకరణం ఉందని ఎప్పుడూ తట్టలేదు. రాముడు చెట్టుచాటు నుంచి ఎందుకు కొట్టాడన్నదాని మీద మనవాళ్లు తరతరాలుగా వాదించుకుంటున్నారు. ధర్మం సంగతి పెద్దలకి వదిలేస్తాను. లెక్క ప్రకారం మాత్రం వేరే దారి లేదు, ఎదురుగా నిలబడకూడదు.

కాబట్టి 'చెట్టుచాటు' అని మంత్రం కార్డు ఒకటి చేశాం. ఎదురుపడకుండా ఏ రాక్షసినైనా తీసెయ్యొచ్చు. సమస్య తీరాలి కదా? నలభై కార్డుల పేకలో అది ఒక్కటే ఉంటే మొదటి పది కార్డుల్లో చేతికందే అవకాశం నాలుగో వంతు. మిగిలిన మూడు వంతులూ వాలి రాజ్యమే. మూడు పెట్టుకుంటే అవకాశం 59 శాతం దాకా పెరుగుతుంది. అలా పెట్టుకుంటే పెట్టుకున్నాం, ఇక ఎవరి పేక చూసినా ముందు మూడు చెట్లు, ఆ తర్వాతే ఏదైనా. ఎవడు ఏం తెచ్చాడన్నది పోయి ఎవడికి ముందు చెట్టు దొరికిందన్నదే ఆటైపోయింది. కథలో వాలి ఒక్కసారి చస్తే చాలు, ఆటలో రోజుకి పదిసార్లు చావాలి. అందుకని వెలి.

ఈ తప్పు చేసింది మా వాడొక్కడే కాదు. ఇలాంటి కార్డుల ఆటలన్నింటికీ దారి వేసిన మ్యాజిక్ ది గ్యాదరింగ్ 1993లో వచ్చింది. చేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితంలో డాక్టరేట్ చేసినాయన. బలమైన కార్డుల్ని అరుదుగా ముద్రిస్తే చాలు, ఓ నలుగురు ఆడుకునే చోట ఒకటో రెండో ఉంటాయి, ఆటకి అదో ముచ్చట అని అంచనా. జనం పెట్టెలకి పెట్టెలు కొన్నారు. అందులో బ్లాక్ లోటస్ అని ఒక నల్లకలువ. దించడానికి ఖరీదు సున్నా, మిగతా కార్డుల ఖరీదు కట్టుకోవడానికి తిరిగి ఇచ్చేది మూడు. చెక్కుచెదరని కలువ ఒక్కటి లక్షల డాలర్లు పలికిన సందర్భాలున్నాయి. వస్తువు అరుదైతే ధర పెరుగుతుంది, దాని బలం తగ్గదు. డబ్బున్నవాడి చేతికి చేరుతుంది, అంతే తేడా. మా చిన్నప్పుడు ఏడురోడ్ల జంక్షన్ దగ్గర కొనుక్కున్న కుస్తీ పహిల్వాన్ల ట్రంపు కార్డులే నయమనిపిస్తుంది ఈ విషయంలో. అందరి కట్టలోనూ అవే కార్డులు. బరువు అడిగితే యోకోజునాని కొట్టేవాడు లేడు, మరో అంకె అడిగితే అదే యోకోజునా తెల్లమొహం వేసేవాడు.

యూగియోలో ఇంకో వింత చూడండి. దాడి చెయ్యదు, అడ్డుకోదు, కోరల్లేవు, కొమ్ముల్లేవు, పళ్లికిలించే ఒక కుండ. పాట్ ఆఫ్ గ్రీడ్. పేక నుంచి ఇంకో రెండు కార్డులు తీసుకో అంటుంది. ఇంతే. పోటీల్లో ఏళ్లుగా దాని మీద నిషేధం. పిల్లలకి ఇది ఎంతకీ మింగుడుపడలేదు. డ్రాగన్ని వదిలేసి కుండని కట్టేయడమేమిటని. రమ్మీ ఆడే మా బాబాయికి చెబితే ఒక్క క్షణంలో అర్థమైంది. "ప్రతిసారీ వాడు రెండు ముక్కలు లాగుతూ నేనొకటి లాగుతుంటే నాకు జోకరొచ్చి ఏం లాభం రా?" అన్నాడు.

అంకెల తర్వాత మాటల దగ్గరికొస్తే అదో కురుక్షేత్రం. మొదటి రోజుల్లో నేను కార్డుల మీద పెద్దమనిషి తెలుగు రాశాను: ఈ రాక్షసుడు మరణించిన యెడల. పిల్లలు పడీపడీ నవ్వారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది మా శ్రీముఖలింగం పక్కనే, నాకు ఆపాటి ఇంగితం ఉండాల్సింది. సరేనని 'చస్తే' అని రాశాం. రక్తబీజుడి కార్డు మీద: చస్తే ఇద్దరు పుడతారు. పుట్టిన ఇద్దరూ రక్తబీజులేనా, ఉత్త సైనికులా? వాళ్లు చస్తే మళ్లీ నలుగురా? ఎవరు చంపితే, ఎలా చంపితే? 'చస్తే' అంటే ఎప్పుడైనానా, 'చచ్చినప్పుడు' అంటే ఆ క్షణంలోనేనా, 'చచ్చాక' అంటే ఎంతసేపటి దాకా? నవ్వకండి. ఇంగ్లీషు యూగియో కార్డుల మీద ఇఫ్ అని ఉందా వెన్ అని ఉందా అన్నదాని మీద ఆటలు తేలిపోతాయి. వెన్ అని ఉన్నచోట ఆ క్షణం దాటిపోతే కొన్ని కార్డులకి అవకాశం పోయినట్టే. మా ఇంట్లో మాత్రం రాత్రి తొమ్మిదింటి దాకా తేలక, అన్నాలు చల్లారి, ఆఖరికి 'పుట్టినవాళ్లు మళ్లీ పుట్టించరు' అని ఇంకో ముక్క చేర్చాం. మాట వదిలేస్తే ఏమవుతుందో మనకి పురాణాల్లోనే ఉంది. ఎవరి తల మీద చెయ్యి పెడితే వాళ్లు భస్మం అన్న వరంలో 'ఎదుటివాడి' అన్న ఒక్క మాట లేదు. మోహిని చదివింది ఆ ఖాళీనే. హిరణ్యకశిపుడు అంతకంటే జాగ్రత్తపరుడు, పగలు వద్దు, రాత్రి వద్దు, ఇంట్లో వద్దు, బయట వద్దు అని అన్నీ రాయించుకున్నాడు. షరతులు పెరిగిన కొద్దీ వాటి మధ్య సందులూ పెరుగుతాయి. సింహాచలం వెళ్లొచ్చినవాళ్లకి మిగతాది చెప్పనక్కర్లేదు.

మళ్లీ ఎలుగుబంటి దగ్గరికొస్తాను. అట్ట మార్చి కొత్తగా గీశాం. వాడు 2800 అన్నాడు, నేను 2000 అన్నాను. బేరం సాగుతుండగా అరుగు మీద నుంచి మా అమ్మ అడిగింది. ఆవిడది ఉద్దానం. జీడితోటలు, పనసచెట్లు, కొబ్బరి, వాటి కోసం వచ్చే ఎలుగులు ఆవిడకి బొమ్మల్లో చూసినవి కావు.

"ఒరే గుంటడా, ఎలుగ్గొడ్డు ఎదురొచ్చి కుస్తీ పడతాదేటి? దానికి సూపు ఆనదు, సెవులూ అంతంతే. మనం సప్పుడు సెయ్యకుండా ఎల్లి దాని ముందు పడితే బెదిరిపోయి మీద పడతాది. అందుకే తెల్లారగట్ల తోటకెల్లినోళ్లు దగ్గుకుంటూ ఎల్లాల."

పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పది నిమిషాల్లో కార్డు తయారు. ఎటాక్ 1400. ఎలుగుబంటి బల్ల మీద ఉండగా ఎదుటివాడు తన వంతు మొదలుపెట్టే ముందు దగ్గాలి. దగ్గడం మర్చిపోతే ఆ వంతుకి ఎలుగు బలం రెట్టింపు.

నేను చూసిన కార్డులన్నింటిలో దీన్ని మించింది లేదు, మా వాళ్లు చేశారని చెప్పడం కాదు. బలానికి కట్టాల్సిన ఖరీదు నక్షత్రాల్లో లేదు, బలుల్లో లేదు, ఎదుటివాడి ధ్యాసలో ఉంది. ఆ వారమంతా మా ఇంట్లో ఒకటే దగ్గులు. పక్కింటివాళ్లు ఒకరోజు ఆగి "పిల్లలకి బాగాలేదాండీ" అని అడిగి, మిరియాల కషాయం చేసి పంపారు. చిన్నది ఎత్తుకి పైఎత్తు వేసింది. అన్న వంతు వచ్చే సమయానికి అటువైపు చూపించి "పాలపిట్ట!" అనేది. వాడు చూసేవాడు, మర్చిపోయేవాడు, 2800 మీద పడేది.

రెండో వారానికి ఎలుగు నీరసించింది. అందరికీ దగ్గు అలవాటైపోయింది. ఎలుగు లేకపోయినా దగ్గుతున్నారు, అన్నం ముందు కూర్చుని కూడా దగ్గుతున్నారు. 1400 ఉత్త 1400గా మిగిలిపోయింది. కార్డు మీద ఒక్క అక్షరం మారలేదు. మారింది ఆడేవాళ్లు. తూకం సరిచూసి ఒకసారి ముద్రవేస్తే శాశ్వతంగా ఉంటుందనుకున్న నా లెక్కల బుర్రకి ఇది పెద్ద దెబ్బ. చేతులు ముదిరేకొద్దీ ముల్లు కదులుతూనే ఉంటుంది. చివరికి చిన్నదే మందు కనిపెట్టింది: ఎలుగు లేనప్పుడు దగ్గినవాడు ఒక కార్డు పారెయ్యాలి. ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైంది, ఎలుగు మళ్లీ భయంకరమైంది.

ఈ సంగతి మా అమ్మతో అంటే సుద్దముక్క తెమ్మంది. అరుగు మీద పులిజూదం గీసింది. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. పులి మేకని దూకి తింటుంది, మేకలు పులిని కదలకుండా కట్టేయాలి. నేను పులులు తీసుకుని పిల్లల్ని నాలుగు ఆటలు ఓడించాను, పులిదే పైచెయ్యి అని తీర్మానించాను కూడా. తర్వాత అమ్మ మేకలు తీసుకుంది. గంటలో నా మూడు పులులూ మూడుసార్లు మూల పడ్డాయి. కొత్తవాళ్లు ఆడితే పులి గెలుస్తుంది, ముదుర్లు ఆడితే మేక మొండికేస్తుంది. కార్డుల్లో మేం ఒకవైపుకీ ఇంకోవైపుకీ అంకెలు సరిచూస్తూ నెల తిప్పలు పడితే, ఇక్కడ ఒకవైపు మూడు, ఒకవైపు పదిహేను. ఒకరు తినొచ్చు, ఒకరు తినకూడదు. ఒక్క అంకె కలవదు, అయినా తూగుతుంది. దీనికి నేపాల్ తోబుట్టువు ఒకటుంది, బాగ్‌చాల్. నాలుగు పులులు, ఇరవై మేకలు. దాన్ని కంప్యూటర్‌తో ఆసాంతం లెక్కగట్టి, ఇద్దరూ తప్పుచెయ్యకుండా ఆడితే ఎవరూ గెలవరని తేల్చారు. ఏ రిచర్డూ కూర్చుని చేసింది కాదది. ఎవరో గీశారు, ఇంకెవరో ఒక మేకని కలిపారు, తూగనిది ఎవరూ ఆడలేదు, తూగింది అరుగుల మీద మిగిలింది.

చిన్నదానికి ఈ పద్ధతి రక్తంలో ఉన్నట్టుంది. సీతంపేట కొండల మీదికి ఒడిశా నుంచి ఏనుగులు దిగుతున్నాయని విని వాడు ఏనుగుని 4500తో తెస్తే, అది చీమని తెచ్చింది. ఎటాక్ 1. ఏనుగుతో తలపడితే మాత్రం చీమదే గెలుపు. వాడికి ఒళ్లు మండింది. నాకు పర్లాకిమిడి గుర్తొచ్చింది. పాతపట్నం దాటితే ఆ ఊరే. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మనతో మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అక్కడ గుండ్రటి పేక చేసేవారు, గంజపా అంటారు. గుడ్డ పొరల్ని చింతపిక్కల జిగురుతో అంటించి, సుద్ద పూసి, పైన బొమ్మలు. తెలుగునాట నిర్మల్ చిత్రకారులూ చేశారు, గంజీఫా అని. దశావతారాల పేకలో పది రంగులు, రంగుకి పన్నెండు ముక్కలు: రాజు, మంత్రి, ఒకటి నుంచి పది. సగం రంగుల్లో పది పెద్దది, ఒకటి చిన్నది. మిగతా సగంలో తలకిందులు, రాజూ మంత్రీ తర్వాత ఒకటే పెద్దది. చేతినిండా చిన్న ముక్కలొచ్చినవాడు నెత్తిన చెయ్యి పెట్టుకోనక్కర్లేదు, ఏదో ఒక రంగులో వాడే మొనగాడు. ఇంకో ముచ్చట, పగలు ఆడితే రాముడున్నవాడు, రాత్రి ఆడితే కృష్ణుడున్నవాడు ఆట మొదలుపెట్టాలని ఒక ఆచారం. ఈ మాట చెబితే మా వాడు, "అయితే మావయ్యా, మీ ఊరి డే అండ్ నైట్ జంక్షన్‌లో కూర్చుంటే ఎవరు మొదలెట్టాలి?" అన్నాడు. వాడి బుర్ర వంకర కాదు, మంచి బుర్రే; బలం అన్నచోటే అదుపు తప్పుతుంది.

చివరి కార్డు గురించి చెప్పి ముగిస్తాను. 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు చిన్నదానికి ఊహ తెలీదు. తిత్లీ అంటే హిందీలో సీతాకోకచిలుక అని ఎవరో చెప్పారట, రెక్కలున్న తుఫానుని గీసింది. బల్ల మీద ఉన్నవన్నీ పోతాయి అని రాసింది. కాసేపు ఆగి 'ఎదుటివాడివి' అని చేర్చింది. ఇలాంటి కార్డు యూగియోలోనూ ఉంది, రాయిగేకి; ఎదుటివాడి రాక్షసుల్ని మాత్రమే ఊడ్చేస్తుంది, అది కూడా చాలాకాలం నిషేధంలో ఉండింది. మా అమ్మ ఆ ముక్క చదివించుకుని విని, దాని చేతిలో పెన్సిల్ లాక్కుంది.

"గాలికి మన సెట్టు, పొరుగోడి సెట్టు అని తెలుస్తాదేటే?"

తిత్లీ వచ్చిన రోజు ఆవిడ పుట్టింటి తోటలో కొబ్బరిచెట్లు నిలువునా పడుకున్నాయి. కొబ్బరి మొక్క పెట్టి కాపు చూడాలంటే ఆరేడేళ్లు. చిన్నది 'ఎదుటివాడివి' కొట్టేసి 'నీవి కూడా' అని రాసింది. అలా రాయగానే కార్డు కుదిరింది. గెలుస్తున్నవాడు దాన్ని చచ్చినా దించడు, ఓడిపోతున్నవాడికే అది కావాలి, బల్ల మీద పోగొట్టుకోవడానికి వాడి దగ్గర ఏమీ లేదు కాబట్టి. ఆటలో తుఫాను లేనివాడికి మేలు చేస్తుంది. బయట అలా జరగదని ఆ అరుగు మీద నలుగురిలో ఇద్దరికి తెలుసు. ఆ మాట కార్డు మీద రాయలేదు.

ఇప్పటికి యాభై ఎనిమిది కార్డులయ్యాయి. వాలి వినాయకుళ్ల కవర్లో ఉన్నాడు, చింపడానికి మనసొప్పలేదు. ఇద్దరికీ చెరో నలభై రావాలంటే ఇంకా ఇరవై రెండు కావాలి, ట్రంకుపెట్టె ఖాళీ అయిపోయింది. శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మాకూ ఒక శుభలేఖ పంపండి. మరీ మందంగా మాత్రం వేయించకండి.